మళ్ళీ అదే పుస్తకం అడిగాడని

రాసేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు. ఇవాళ చిన్నోడికి లైబ్రరీ పీరియడ్. ఆ డైనోసార్ల పుస్తకం సంగతి మీకు తెలిసిందే, ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చేసింది. అది తిరిగిచ్చి మళ్ళీ అదే కావాలన్నాడట. "ఇది చదివేశావుగా, వేరేది తీసుకో" అన్నారట రిజిస్టర్ చూసి. చేతికందినది ఏదో తెచ్చాడు, ఇప్పటిదాకా బ్యాగు జిప్పు కూడా తీయలేదు.

చదివేయడం ఏమిటి? నా ఒళ్ళు మండేది అక్కడే. ఆ వయసు పిల్లలు మొదట బొమ్మలు చూస్తారు, తర్వాత కథ వంటబడుతుంది, అక్షరాల మీదికి చూపు పోయేది ఆ తర్వాతే. ఒకే పుస్తకం పదేపదే చదివి వినిపిస్తే కొత్త మాటలు బాగా పట్టుబడతాయని పరిశోధనలు కూడా చెప్పాయి. మొన్న రాత్రి మావాడు "శాకాహారి" దగ్గర వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, నేను నోరు తెరవకముందే చదివేశాడు. అంతకుముందు అదే పేజీలో బొమ్మ చూసి గుర్తున్నది చెప్పేసేవాడు. తీరా చదవడం మొదలుపెట్టాక పుస్తకం లాగేసుకున్నారు. అసలు గొడవంతా ఆ గోడమీది చార్టుతోనే అనుకుంటా. కొత్త పుస్తకానికి ఒక స్టార్, మళ్ళీ చదివినదానికి ఏమీ లేదు. అలాంటప్పుడు పిల్లలు పేజీలు తిప్పేసి స్టార్ తెచ్చుకోక ఏం చేస్తారు?

నా చిన్నప్పటి లైబ్రరీ మేడం గుర్తొస్తున్నారు. పుస్తకం చివర అతికించిన కాగితం మీద తేదీ ముద్ర వేసి ఇచ్చేవారు. గ్రహాల పుస్తకం ఒకదానికి ఆ కాగితం మీద వరసగా నావే తేదీలు. ఎప్పుడూ వద్దనలేదు, "ఈసారి కొత్తగా ఏం కనబడిందో వచ్చి చెప్పాలి" అనేవారంతే. ఒకసారి ఒక బొమ్మ కింద సన్నక్షరాల్లో, శనికే కాదు గురుగ్రహానికీ వలయాలున్నాయని కనబడింది. అన్నిసార్లు చదివినా ఆ మూలకి నా కన్నే పోలేదు! పరిగెత్తుకెళ్ళి చెప్పాను. అప్పుడు మేడం నన్ను అదే అర దగ్గరికి తీసుకెళ్ళి, వీపు మీద 520తో మొదలయ్యే అంకెలున్న పుస్తకాలు చూపించి, "ఇవన్నీ నీ పుస్తకానికి చుట్టాలు" అన్నారు. లైబ్రరీల్లో విషయాన్ని బట్టి పుస్తకాలకి అంకెలిచ్చే డ్యూయీ పద్ధతిలో ఖగోళశాస్త్రం చోటు అదని ఎప్పటికో తెలిసింది. అక్కణ్ణించి 550 దాకా, అంటే భూమి దాకా, ఎవరూ తోయకుండానే వచ్చాను.

ఇంత కోపంగా రాశాక ఒక సంగతి అడ్డుపడుతోంది. లైబ్రరీలో ఆ డైనోసార్ల పుస్తకం ఒక్కటే కాపీ. వారాల తరబడి అది మా ఇంట్లోనే ఉంటే, దానికోసమే చూస్తున్న ఇంకో పిల్ల ఏం కావాలి? ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లోనే సూత్రంగా చెప్పారు, దాన్ని పట్టుకుని దెబ్బలాడదామనుకున్నాను. కానీ ఆ పిల్లా పాఠకురాలేగా. పైగా ఒక్క పీరియడ్‌లో క్లాసంతటికీ పుస్తకాలు తీసుకుని, ఇచ్చి, సర్దేది ఒక్క మనిషి. పాపం, వాడితో కూర్చుని మాట్లాడే తీరిక ఎక్కడిది?

అయినా ఎవరైనా అడిగి ఉంటే ఆ మాటే చెప్పొచ్చు. పేరు రాసుకుని "రెండు వారాలు ఆగు, మళ్ళీ నీకే" అంటే మావాడు ఆగుతాడు. ఎవరూ అడగకపోతే ఇచ్చేయొచ్చు. వేరేది ఇవ్వాలనే ఉంటే కనీసం 567.9 దగ్గరికి తీసుకెళ్ళాలి, డైనోసార్లన్నీ అక్కడే కదా.

ఈయన టీచర్‌కి చీటీ రాయమంటున్నారు. రాస్తాను, సెలవుల సంగతి కూడా కలిపి. సెలవుల ముందు పుస్తకాలన్నీ వెనక్కి తీసుకుని తాళం వేసేస్తారు. అప్పుడు వరసలో ఎవరూ ఉండరు, పీరియడ్ అయిపోతుందన్న టెన్షన్ ఉండదు. తలా ఒక పుస్తకం, ఇదివరకు చదివిందైనా సరే, నచ్చింది ఇంటికిచ్చి పంపమని అడుగుతాను. పోతాయని భయమైతే అట్ట ఊడినవీ కుట్లు వదిలినవీ ఇవ్వమంటాను. అతికించి, కుట్టే పని నేను చేసిపెడతాను.