కెదార్: స్పానిష్‌లో మన ‘కుదరడం’

స్పానిష్ నిఘంటువు తెరిస్తే కెదార్ అనే క్రియకి మొదట కనిపించే అర్థం ‘ఉండిపోవు, మిగులు’. అదొక్కటే పట్టుకుని మాటల్లోకి దిగితే రెండో వాక్యానికే తడబడతారు. చొక్కా వదులైనా కెదారే, పులుసు బాగా వచ్చినా కెదారే, ఏడింటికి కలుద్దామన్నా కెదారే. ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటే ఇవన్నీ వేర్వేరు మాటలు. మనకి అంత తిప్పలు అక్కర్లేదు, ‘కుదురు’ ఉంది.

కెదార్‌కి మూలం లాటిన్‌లోని క్వియెతారె, అంటే నిమ్మళింపజేయడం. అల్లరి చేసే పిల్లాణ్ని ‘కేదతె కియేతొ’ అంటారు: కుదురుగా ఉండు. రెండు మాటలకీ చుట్టరికం ఏమీ లేదు, నడక మాత్రం ఒకటే. కదలకుండా ఉండటం దగ్గర మొదలై బేరం కుదరడం, జాకెట్టు కుదరడం, కూర కుదరడం దాకా వెళ్తుంది. (పెళ్లి కుదిరిందని చెప్పడానికి మాత్రం కెదార్ పనికిరాదు.)

ఇక్కడ ఒత్తి పలకాల్సిన చోట దీర్ఘం పెట్టాను. అది తప్పితే మనిషే మారిపోతాడు: ‘కేదొ’ అంటే నేను, ‘కెదో’ అంటే అతను, అదీ జరిగిపోయిన పని.

వంట మెచ్చుకోవాలంటే ‘తె కెదో ముయ్ ర్రీకొ’. మాటకి మాట పెడితే ‘నీకు చాలా రుచిగా కుదిరింది’. ‘నీకు’ అన్నది గమనించండి. బట్టలకీ అదే పద్ధతి: ‘మె కేద గ్రాందె’, నాకు పెద్దదైంది. వస్తువులు ఎక్కువైతే క్రియ కూడా వాటితోనే మారుతుంది: బూట్లయితే ‘మె కేదన్ గ్రాందెస్’, నాకు పెద్దవయ్యాయి. డబ్బు మిగిలినా ఇంతే. ‘మె కేదన్ దియేస్ పేసొస్’ అంటే నాకు 10 పేసోలు మిగిలాయి. ఇంగ్లీషు అలవాటుతో ‘నేను’ని కర్త చేసి ‘యొ కేదొ దియేస్ పేసొస్’ అనేస్తుంటారు, అది తప్పు. ‘నాకు’తో మొదలుపెడితే ఆ తప్పు రాదు.

చోటు చెప్పడానికీ వాడతారు: ‘దోందె కేద ల ఎస్తసియోన్?’, స్టేషన్ ఎక్కడ? కదలని వాటికే ఇది. తాళాలు, మనుషులు ఎక్కడున్నారో అడగడానికి ‘ఎస్తార్’ కావాలి.

అసలు చిక్కు కెదార్సె దగ్గర, అంటే ‘నాకు, నీకు’ అన్న అర్థంలో కాక, కర్తనే తిరిగి చూపేలా ముందు ‘మె, తె, సె’ చేరినప్పుడు. ఇక్కడ కుదురు సాయపడదు, మన ‘పోవు’ని పిలవాలి. ‘సె కెదో దొర్మీద’, ఆమె నిద్రపోయింది. మగవాడైతే ‘దొర్మీదొ’. ‘మె కెదే సిన్ గసొలీన’, నా బండిలో పెట్రోలు అయిపోయింది. దుకాణంలో ‘మె కేదొ కొన్ ల అసూల్’ అంటే నీలంది తీసుకుంటాను అని. ఇప్పుడు ఈ రెండూ పక్కపక్కన చూడండి: ‘ఎ కెదాదొ కొన్ ఆన’ అంటే ఆనని కలుస్తానని మాటనుకున్నాను. ‘మె కేదొ కొన్ ఆన’ అంటే ఆన దగ్గరే ఉండిపోతాను, లేదా ఇద్దరిలో ఆననే ఎంచుకుంటాను. ఇంట్లో చెప్పేటప్పుడు ఆ ‘మె’ ఉందో లేదో ఒకసారి చూసుకోవడం మంచిది.

‘కెదార్ బ్యేన్’ నాకు మరీ ఇష్టం. అత్తమామల దగ్గర మంచి అనిపించుకోవడం అన్నమాట. చెడ్డ అనిపించుకుంటే ‘కెదార్ మాల్’. మన ‘అనిపించుకోవడం’ ఇంత సరిగ్గా అతికే మాట వేరే భాషలో దొరకడం అరుదు.

కలుసుకోవడం గురించి ఒక జాగ్రత్త. ‘కెదామొస్ అ లస్ సియేతె’ అన్నది ‘ఏడింటికి కలుద్దాం’ కావచ్చు, ‘ఏడింటికని అనుకున్నాం’ కావచ్చు. వర్తమానానికీ భూతకాలానికీ రూపం ఒకటే మరి. పైగా ఇది ఎక్కువగా స్పెయిన్ వాడుక. లాటిన్ అమెరికాలో చాలాచోట్ల ‘నొస్ బేమొస్ అ లస్ సియేతె’ అంటే సరిపోతుంది. కలుసుకోవాలని (‘బేర్నొస్’) ఒప్పందం చేసుకున్నామని చెప్పాలంటే స్పెయిన్‌లో ‘కెదామొస్ ఎన్ బేర్నొస్’, మెక్సికోలో ‘కెదామొస్ దె బేర్నొస్’ అంటారు. ‘ఎన్’ అన్నా మెక్సికో వాళ్లకి అర్థమవుతుంది. ఏదీ లేకుండా ‘కెదామొస్ బేర్నొస్’ అంటే మాత్రం వాక్యం కుదరదు.