పుట్టింటి చీరతో నల్లమలలో

అమ్మ పోయిన ఏడాదంతా కొండ ఎక్కకూడదన్నారు. సంవత్సరీకం అయిన కొద్ది రోజులకే ఉగాది వచ్చింది. "శ్రీశైలానికి నడ్సుకుంటా పోదాం పా" అన్నాడు మామ. అమ్మకి సొంత అన్న. నాకు పెద్ద భక్తేం లేదు. కానీ సాయంత్రం ఏడైతే చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోతోంది. రోజూ అమ్మ ఫోన్ చేసే వేళ అది. సరేనన్నాను.

ఉగాదికి ఆ దారి కన్నడిగులది. బాగల్‌కోట్, బీజాపూర్, రాయచూర్ వైపు నుంచి వందల కిలోమీటర్లు నడిచి, మా కర్నూలు మీదుగా వస్తారు. కొందరైతే కర్రకాళ్ల మీద! భ్రమరాంబ వాళ్లింటి ఆడబిడ్డ, మల్లయ్య అల్లుడు. పండక్కి బిడ్డకి చీర, గాజులు, పసుపు కుంకుమ పెట్టాలి కదా, అందుకే ఆ నడక.

మామ సంచిలో కూడా ఒక చీర ఉందని నాకు తెలియదు.

ఆత్మకూరు దగ్గర వెంకటాపురంలో అడవిలోకి దిగాం. పులుల అడవి కాబట్టి మామూలు రోజుల్లో ఇటు పోనివ్వరు. నాగలూటి వీరభద్రుడి గుడి, ఆ తర్వాత ఎప్పటివో రాతి మెట్లు. రెడ్డిరాజులు వేయించారంటారు. ఉగాది రోజుల్లో నల్లమల పచ్చగా ఉంటుందనుకోకండి. చెట్లు ఆకు రాల్చేసి మోడుల్లా నిలబడి ఉంటాయి. అడుగేస్తే ఎండుటాకులు కరకరమంటాయి. తలెత్తితే ఎండ, దించితే ఎర్ర దుమ్ము. ఏ రాయి మీద కాలు పెట్టాలి, నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, ఈ రెండు తప్ప ఇంకో ఆలోచన పట్టదు. మధ్యాహ్నానికి నకనకలాడే ఆకలి. అలా ఆకలేసి ఎన్నాళ్లయిందో!

పెచ్చెరువు దగ్గర అన్నదానం పందిళ్లు. అన్నం, సాంబారు. పక్కన కొందరు కుర్రాళ్లు వచ్చినవాళ్లందరి కాళ్లకీ వేడినీళ్లు పోసి, నూనె రాసి, పిక్కలు పిసుకుతున్నారు. నా పాదాల బొబ్బలు చూసి ఒకడు "కూర్చో అన్నా" అన్నాడంతే. ఎవరు, ఎందుకొచ్చావు అని అడగలేదు. ఏడాదిగా ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "ధైర్యంగా ఉండు", "పెద్ద వయసే కదా" అని చెప్పి పోయారు. మంచికే అన్నారు, కాదనను. కానీ వాళ్లు వెళ్లాక తలుపేసుకుని ఇంకాస్త ఏడ్చేవాణ్ణి.

భీముని కొలను లోయలోకి మెట్లు దిగడమే నరకం, అవతల కైలాసద్వారానికి ఎక్కడం ఇంకోటి. కిందికి దిగి కూలబడ్డాం. కర్ణాటకలోని ఇల్కల్ ఊరి నేతచీర కట్టుకున్న ఒక ముసలావిడ మూట విప్పి, గట్టి జొన్నరొట్టె విరిచి, మీద శనక్కాయల పొడి వేసి మా చేతుల్లో పెట్టింది. మామ నీళ్ల సీసా కోసం సంచి తీస్తే చీర బయటపడింది. ఆవిడ చనువుగా లాగి, అంచు వేళ్ల మధ్య నలిపి చూసి, పెదవి విరిచింది. ఎవరికని అడిగింది. మామకి కొంచెం కన్నడం వచ్చు. "చెల్లెలికి" అన్నాడు. ఏటా ఉగాదికి అమ్మకి పుట్టింటి చీర తెచ్చేవాడాయన. ఇచ్చేందుకు మనిషి లేకపోయినా అలవాటుగా కొనేశాడట. చెప్తూ చెప్తూ భోరుమన్నాడు. శ్మశానంలో కూడా ఏడవని మనిషి.

ఆవిడ ఓదార్చలేదు. రొట్టె అయిపోయేదాకా పక్కనే కూర్చుంది. తర్వాత చీర మడిచి, తన మూటలో అమ్మవారి చీర పక్కన పెట్టుకుని "నడి, నడి" అంటూ లేచింది. ఆ ఎక్కుడంతా మామ ఆవిడ వెనకే, నేను మామ వెనక.

గుడి దగ్గర క్యూలో చాలాసేపు నిలబడ్డాం. రెండు చీరలూ ఆవిడే ఇచ్చింది, మామ గాజులిచ్చాడు. నా దుఃఖం తీరిందని చెప్పను. ఫోన్ వైపు చెయ్యి ఇప్పటికీ పోతుంది. అప్పుడప్పుడు మామకే చేస్తున్నాను. ఆయన అమ్మ సంగతులు ఒకటీ అరా చెప్పి, చివరికి చీరల దగ్గరికే వస్తాడు: "వచ్చే ఏడు ముందుగా ఇల్కల్ పోయి తెద్దాంరా, ఆ ముసలామె అంచు బాలేదన్నాది గదా."