మా తేజ కారం అమెరికా చేరిన దారి – నా అనుభవం

మాది గుంటూరు అరండల్‌పేట. యార్డులో తేజ రకం మిర్చి కొని, తొడిమలు తీయించి, కారం పట్టించి అమ్ముతాం. అమెరికాలో ఉన్న మనవాళ్లకు నేరుగా అమ్మాలని ఎన్నాళ్లగానో కోరిక. ఇక్కడి వ్యాపారులు విదేశాల్లోని అమెజాన్ సైట్లలో అమ్ముకునే పథకం, అమెజాన్ గ్లోబల్ సెల్లింగ్, మన దేశంలో 2015 నుంచే ఉంది. ఖాతా తెరిచాను, విదేశీ వాణిజ్యం చూసే కేంద్ర విభాగం డీజీఎఫ్‌టీకి 500 రూపాయలు కట్టి ఐఈసీ (ఎగుమతి, దిగుమతులకు కావాల్సిన కోడ్) తీసుకున్నాను, స్పైసెస్ బోర్డులో ఎగుమతిదారుగా నమోదయ్యాను. అక్కడిదాకా సాఫీగానే సాగింది.

అసలు చిక్కు ఆ తర్వాతే. అమెరికాలో దిగే సరుకుకు ఇంపోర్టర్ ఆఫ్ రికార్డ్‌గా ఎవరో ఒకరు నిలబడి సుంకానికి పూచీ పడాలి. సరుకు తన గోడౌన్‌కే వెళ్తున్నా అమెజాన్ ఆ పూచీ తీసుకోదు. పైగా మా యూనిట్ అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏలో నమోదవ్వాలి, దానికి అక్కడుండే ఏజెంటు కావాలి, సరుకు వస్తోందని చెప్పే ప్రయర్ నోటీసు అది చేరకముందే వాళ్లకు వెళ్లాలి. 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్లలోపు పార్సిళ్లకున్న సుంకం మినహాయింపూ పోయింది కాబట్టి, విడివిడిగా కొరియర్ చేసుకుందామన్నా గిట్టదు.

ఈ పనులన్నీ చూసిపెట్టే సంస్థ ఒకటి విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర దొరికింది. అక్కడి మేడం మా ప్యాకెట్ చేతిలోకి తీసుకుని సీలు మీద వేలితో రుద్దారు. వేలికి ఎర్రగా అంటింది. “సీలు మధ్యలో కారం ఇరుక్కుంటే అతుకు పడదండీ. నింపాక మూతి లోపల తుడిపించి అప్పుడు సీలు వేయించండి” అన్నారు. తర్వాత ల్యాబ్ రిపోర్టు తీశారు. “అఫ్లాటాక్సిన్, అంటే బూజు వల్ల పుట్టే విషం, అమెరికాకైతే 20 పీపీబీ (వంద కోట్లలో 20 వంతులు) దాకా పర్లేదు. యూరప్‌కు మిర్చిలో మొత్తం 10 దాటకూడదు. అటు కూడా పంపే ఆలోచనుంటే కల్లంలో మంచుకు తడిసిన కాయ ఇప్పట్నుంచే కొనకండి.” ఈ మాట నాకు ఏ సెల్లర్ హెల్ప్ పేజీలోనూ కనపడలేదు. వాళ్లకిచ్చిన ఫీజు ఈ ఒక్క మాటకే చెల్లిపోయిందనుకున్నాను.

అక్కడి కస్టమ్స్ బ్రోకర్‌నీ, ఏజెంటునీ కుదిర్చింది కూడా వాళ్లే. మా సరుకు దిగిందని తెలిశాక మా వీధి పచ్చళ్లవాళ్లు, పక్క సందులో పొడులు చేసే అక్క కూడా వాళ్ల దగ్గరికే వెళ్లి ఖాతాలు తెరిచారు. అమెజాన్ మీదికి గుంటూరు సరుకు వస్తోందంటే ఇలాంటి చిన్న సంస్థల చలవే అని గట్టిగా నమ్ముతాను.

మీరూ వెళ్తే, రిటర్న్ సరుకు ఖర్చు ఎవరిదో, సుంకం పెరిగితే ఎవరు కట్టాలో ముందే కాగితం మీద రాయించుకోండి. మేం జర్మనీకి సిద్ధమవుతున్నాం, అక్కడి వ్యాట్ (అమ్మకపు పన్ను) నమోదు చూసే మనిషి కోసం మేడం వెతుకుతున్నారు.