ఆకు పైవైపు, అడుగువైపు ఎక్కడ విడిపోతాయో స్లైడ్ మీద చూడటం: ఇన్ సిటుతో నా అనుభవం

కాండం కొనలో ఆకు ఇంకా కంటికి ఆనని బుడిపెగా ఉన్నప్పుడే దాని పైవైపు ఏదో, అడుగువైపు ఏదో తేలిపోతుంది. తేల్చేవి ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్లు, అంటే ఇతర జన్యువుల్ని నడిపించే ప్రోటీన్లు. మెరిస్టెమ్ (కొత్త ఆకులు పుట్టే కాండం కొన కణజాలం) వైపున్న, అంటే పైవైపు కణాల్లో ఫాబ్యులోసా, రివొల్యూటా వంటి మూడో తరగతి హెచ్‌డీ-జిప్ జన్యువులు పనిచేస్తాయి. అవతలి వైపు కనాడి, యాబీ కుటుంబాలది. ఫాబ్యులోసా ఎంఆర్ఎన్ఏ (జన్యువు సందేశపు నకలు) అడుగువైపు మిగలకుండా మైక్రోఆర్ఎన్ఏ 165, 166 అనే చిట్టి ఆర్ఎన్ఏలు చూసుకుంటాయి. మ్యూటెంట్‌లో (జన్యువు మారిన మొక్కలో) ఈ సరిహద్దు చెదిరిందో లేదో చెప్పాల్సి వస్తే నేను అరబిడాప్సిస్ (ప్రయోగశాలల్లో వాడే చిన్న ఆవజాతి మొక్క) కాండం కొనల మీద ఇన్ సిటు హైబ్రిడైజేషన్ చేస్తాను. అంటే ఏ జన్యువు ఎంఆర్ఎన్ఏ ఏ కణాల్లో ఉందో, దానికి అతుక్కునే ప్రోబ్ అనే ఆర్ఎన్ఏ ముక్కతో రంగు తెప్పించి సెక్షన్ మీదే చూడటం.

ఆకును బయటి నుంచి చూసి చెబితే ఎందుకు సరిపోదంటే, నూగు సంగతే తీసుకోండి. అడుగువైపు నూగు త్వరగా కనిపించగానే ఆ వైపు పైవైపుగా మారిపోయిందని రాసేస్తుంటారు. మామూలు మొక్కలోనూ తొలి ఆకులకు అడుగున నూగుండదు, తర్వాతి ఆకులకు వస్తుంది. లేత దశ త్వరగా ముగిసే మ్యూటెంట్లలో ఆ నూగు ముందే కనిపిస్తుంది. ఏజీఓ7 అనే జన్యువు లోపించిన మొక్కల్లో జరిగేది ఇదే. అందుకే ఎన్నో ఆకు అన్నది లెక్కపెట్టి, మామూలు మొక్కలో అదే వరుస ఆకుతో పోల్చాలి.

ఇక పని. గింజల్ని 4 డిగ్రీల చలిలో రెండు మూడు రోజులు ఉంచి, 22 డిగ్రీల దగ్గర 16 గంటల వెలుతురులో పెంచుతాను. 10 నుంచి 12 రోజుల మొలకలు సరైనవి. వేళ్లు, పెద్ద ఆకులు తీసేసి కొనల్ని 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో వేస్తాను. ఈ ద్రావణం ఏ రోజుది ఆ రోజే చేసుకోవాలి. మంచు మీద ఉంచి వ్యాక్యూమ్ పెడితే కణజాలంలోని గాలి బుడగలుగా బయటికొస్తుంది. వ్యాక్యూమ్‌ను మెల్లగా వదిలాక కొనలు మునిగాయా అన్నదే గుర్తు. తేలుతున్నవాటి లోపలికి ఫిక్సేటివ్ (కణజాలాన్ని ఉన్నదున్నట్టు నిలిపే ఆ ద్రావణం) చేరలేదు, మళ్లీ పెట్టాలి. తర్వాత రాత్రంతా 4 డిగ్రీల్లో.

మర్నాటి నుంచి ఇథనాల్ శాతం 30 నుంచి 100 దాకా మెట్లుమెట్లుగా పెంచుతాను. చివరి మెట్లలో కొంచెం ఇయోసిన్ అనే గులాబి రంగు కలపకపోతే తెల్లటి మైనంలో తెల్లటి కొన ఎక్కడుందో కనిపించదు. హిస్టోక్లియర్ (ఇథనాల్‌ను తీసి మైనానికి దారిచ్చే ద్రావణి) దాటి పారాప్లాస్ట్ అనే మైనంలోకి వచ్చాక మూడు రోజులు, రోజుకు రెండుసార్లు మైనం మారుస్తాను. ఓవెన్ 60 డిగ్రీలు దాటకూడదు, దాటితే మైనం పెళుసై సెక్షన్లు పగులుతాయి.

అసలు గెలుపోటములు తేలేది మైనం పోసేటప్పుడే. కొన నిటారుగా నిలబడాలి. 8 మైక్రాన్ల అడ్డకోతలో నడుమ గుండ్రటి మెరిస్టెమ్, చుట్టూ వయసు వరుసన ఆకు బుడిపెలు ఉండాలి. మెరిస్టెమ్ వైపుకు తిరిగి ఉన్నది పైవైపు. కొన కాస్త వాలినా ఒక పక్క ఆకు మొదట్లో, ఎదుటి పక్క ఆకు చివర భాగంలో తెగుతాయి. అప్పుడు మామూలు మొక్కలోనూ ఒక పక్క రంగు వెడల్పుగా, ఇంకో పక్క సన్నగా వచ్చి సరిహద్దు జరిగినట్టే అనిపిస్తుంది. అందుకే నేను ఒక్క సెక్షన్‌ను ఎప్పుడూ నమ్మను. రిబ్బన్‌ను తెంపకుండా వరుసగా స్లైడ్ మీద పరిచి, కనీసం పది సెక్షన్లు పైనుంచి కిందికి చదువుతాను.

ప్రోబ్ ఎంపికలోనూ ఓ చిక్కుంది. హెచ్‌డీ-జిప్ జన్యువులు ఒకదాన్నొకటి బాగా పోలి ఉంటాయి. వీటన్నింటికీ ఉమ్మడిగా ఉండే హోమియోడొమైన్ భాగంతో ప్రోబ్ చేస్తే అన్నదమ్ములన్నింటికీ అతుక్కుని కూర్చుంటుంది. యాబీ జన్యువుల్లో జింక్ ఫింగర్, యాబీ డొమైన్లూ అంతే. నేను జన్యువు చివరనున్న, ప్రోటీన్‌గా మారని భాగాన్ని ఎంచుకుని డిగాక్సిజెనిన్ (తర్వాత యాంటీబాడీ పట్టుకునే గుర్తు) చేర్చిన యాంటీసెన్స్ (ఎంఆర్ఎన్ఏకు జత కలిసే) ఆర్ఎన్ఏ తయారు చేస్తాను. సరిచూసుకోవడానికి, ఎంఆర్ఎన్ఏకు అతుక్కోని సెన్స్ ప్రోబ్‌తో ఒక స్లైడ్ తప్పనిసరి.

కణజాలంలోని ప్రోటీన్లను కొంత కరిగించే ప్రోటీనేజ్ కే మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము, 37 డిగ్రీల్లో అరగంట. తక్కువైతే ప్రోబ్ లోపలికి పోదు, ఎక్కువైతే సెక్షన్ స్లైడ్ మీంచి లేచిపోతుంది. కొత్త సీసా తెరిచినప్పుడల్లా మూడు వేర్వేరు సమయాలతో పరీక్షించుకోవడం మంచిది. ఎసిటిక్ అన్‌హైడ్రైడ్‌ను ట్రైఇథనాలమైన్‌లో కలిపింది కలిపినట్టే వాడాలి, ఈ మెట్టు వదిలేస్తే స్లైడంతా ఊదారంగు పట్టేస్తుంది. సగం ఫార్మమైడ్ ఉన్న ద్రావణంలో 50 నుంచి 55 డిగ్రీల దగ్గర రాత్రంతా హైబ్రిడైజేషన్, మర్నాడు 0.2 రెట్ల ఎస్ఎస్‌సీ అనే ఉప్పు ద్రావణంతో 55 డిగ్రీల్లో కడుగుళ్లు. ఇంతవరకూ వాడిన నీళ్లూ గాజూ అన్నీ ఆర్ఎన్ఏజ్ (ఆర్ఎన్ఏను తెంచే ఎంజైమ్) లేనివే కావాలి. యాంటీబాడీ తర్వాత రంగు తెప్పించే ఎన్‌బీటీ-బీసీఐపీ ద్రావణం పీహెచ్ 9.5 దగ్గర, చీకట్లో. యాబీ కుటుంబంలోని ఫిలమెంటస్ ఫ్లవర్ జన్యువుకు ఒక్కరోజులో రంగు రావచ్చు. ఫాబ్యులోసాకు రెండు మూడు రోజులు ఓపిక పట్టాలి. ఆఖర్న ఇథనాల్‌లో సెకన్ల లెక్కన ముంచి తీయాలి, నానబెడితే రంగు పలచబడుతుంది.

స్లైడ్ చదివేటప్పుడు ముందు మామూలు మొక్క. ఫాబ్యులోసా మెరిస్టెమ్‌లోనూ, అప్పుడే మొదలవుతున్న బుడిపెలోనూ కనిపించి, బుడిపె కాస్త ఎదిగేసరికి పైవైపుకు పరిమితమవుతుంది. ఫిలమెంటస్ ఫ్లవర్ అడుగువైపు నెలవంకలా కనిపిస్తుంది. ఆకు ముదిరేకొద్దీ ఇది తగ్గిపోతుంది కాబట్టి, పెద్ద ఆకులో రంగు లేదని పైవైపు, అడుగువైపు తేడా పోయిందనకూడదు. సరిపోల్చుకోవడానికి నేను ప్రతిసారీ పీహెచ్‌బీ-1డి (ఫాబ్యులోసా మ్యూటెంట్) మొక్కల స్లైడ్ ఒకటి కలుపుతాను. దీనిలో మైక్రోఆర్ఎన్ఏ అతుక్కునే చోటే మార్పుంది. ఫాబ్యులోసా రంగు అడుగువైపుకూ పాకుతుంది, ఆకు అంచు విచ్చుకోక పుల్లలా గుండ్రంగానో గన్నేరు పువ్వు గొట్టంలానో మిగిలిపోతుంది. రెండు వైపులూ కలిసే గీత మీదే ఆకు అంచు పుడుతుందని వెయిట్స్, హడ్సన్ 1995లో స్నాప్‌డ్రాగన్ ఫాంటాస్టికా మ్యూటెంట్‌ను చూసి చెప్పారు. ఆ గీత లేని ఆకు అడ్డకోత ఎలా ఉంటుందో ఈ ఒక్క స్లైడ్‌లో కనిపిస్తుంది. నా కొత్త మ్యూటెంట్‌ను ఆ తర్వాతే మైక్రోస్కోపు కింద పెడతాను.