గొంతు పోతే ఛాతీకి స్కాన్ రాశారు

నిన్న సాయంత్రం రిపోర్టు వచ్చింది, ఛాతీలో ఏమీ లేదు. ఆ ఊరట తగ్గకముందే రాస్తున్నా.

చెన్నై షావుకారుపేటలో హోల్‌సేల్ చీరల కొట్టు నాది. జలుబు చేసింది, తగ్గింది. మాట మాత్రం తిరిగి రాలేదు. ఫోనెత్తి హలో అంటే గాలే. గూడూరు పార్టీ "సిగ్నల్ లేదన్నా" అని పెట్టేశాడు. మా వీధి డాక్టరు గ్యాస్ అని నెలన్నర మాత్రలు మింగించాడు, గొంతులోకి తొంగి చూసిన పాపాన పోలేదు. బొంగురు మూడు నాలుగు వారాలు దాటితే నేరుగా ఈఎన్‌టీ దగ్గరికే పొండి.

పెద్దాసుపత్రిలో చీటీ, లైను అరగంటలో అయిపోయాయి. పరువు పోయింది లోపల. ముక్కులో చేదు స్ప్రే కొట్టి సన్నటి కెమెరా గొట్టం దూర్చారు. చుట్టూ ఐదుగురు స్టూడెంట్లు. "ఈ... అనండి" అంది డాక్టరు మేడం. కళ్ళు, ముక్కు కారుతుండగా అన్నాను. పిల్లికూన నయం. టీవీలో రెండు తెల్లటి స్వరపట్టీలు: కుడిది కదులుతోంది, ఎడమది చచ్చిన బల్లిలా పడుంది.

ఛాతీ సీటీ రాసింది. నాకు మండింది. మాట రాదు గనక కాగితం మీద తెలుగులో రాసిచ్చా: "గొంతు పోతే గుండెకు స్కానా? డబ్బు పిండడానికా?" మేడంకి తెలుగు చదవడం రాదు. స్టూడెంట్లలో ఒక నెల్లూరు పిల్ల ఉంది. ఒక్క ముక్క వదలకుండా అందరికీ చదివి వినిపించింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మేడం నవ్వి, అదే కాగితం వెనక బొమ్మ గీసింది. మెదడు నుంచి దిగే 10వ నరం వేగస్. స్వరపట్టీల్ని తెరిచి మూసేది దాని కొమ్మలే. కుడి కొమ్మ మెడ మొదట్లో, చేతికి పోయే ధమని కింద మెలిక తిరిగి పైకెక్కుతుంది. ఎడమది ఛాతీలోకి దిగి, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం, బృహద్ధమని వంపును చుట్టి మళ్ళీ గొంతుకొస్తుంది. ప్యారీస్ కార్నర్ నుంచి దగ్గర్లోనే ఉన్న మా మింట్ వీధికి ఎక్కడో ఉన్న తాంబరం మీదుగా వచ్చినట్టు! ఆ దారిలో ఊపిరితిత్తి గడ్డ నొక్కినా, ధమని ఉబ్బినా ముందు మాటే పోవచ్చట. శ్రుతి పెంచే కండరానికి వేరే కొమ్మ. అదేమిటని మేడం అడిగితే ఒక స్టూడెంటు నీళ్ళు నమిలాడు. నాకిప్పుడు కంఠతా వచ్చు: సుపీరియర్ లారింజియల్, బయటి శాఖ.

వైరస్ పనై ఉండొచ్చట. ఆరు నెలల నుంచి ఏడాది దాకా చూడాలి, ఈలోగా స్పీచ్ థెరపీ. పట్టీలు పూర్తిగా మూసుకోవు గనక కాఫీ గడ్డం దించి తాగుతున్నా, లేకపోతే పొలమారుతుంది.

కొట్లో ఫోన్లు మావాడు ఎత్తుతున్నాడు. రెండు నరాలూ బాగున్నా ఒక్క బాకీ వసూలు చెయ్యలేదు.