కొత్త మోకాలు, మాట వినని తొడ: కరెంటు మెషీన్‌తో ఆరు వారాలు

ఆపరేషన్ అయిన రెండో రోజు కుడి కాలు వంచకుండా మంచం మీద నుంచి పైకి లేపమన్నారు. నొప్పి సంగతి అటుంచండి, మడమ పరుపు మీద నుంచి వేలెడు కూడా లేవలేదు. మోకాలి కీలు మార్పిడి చేయించుకున్న చాలామందికి మొదటి బెంగ ఇదే. అరిగిన కీలు తీసేసి కొత్తది బిగించారు కదా, మరి కాలెందుకు లేవదు?

మోకాలిని చాపేది తొడ ముందు భాగంలోని నాలుగు కండలు. వాటినే కలిపి క్వాడ్రిసెప్స్ అంటారు. ఆపరేషన్ తర్వాత మొదటి నెలలో వీటి బలం సుమారు సగానికి పడిపోతుంది. కండ కరగడం అందులో కొంత భాగం మాత్రమే. మెదడు ఆజ్ఞ కండకు అందకపోవడమే పెద్ద కారణం. వాచిన కీలు నుంచి వెళ్లే సంకేతాలు వెన్నుపాము దగ్గర ఆ కండల నరాలను అణిచి ఉంచుతాయి. కాలవలో నిండా నీళ్లున్నా తూము మూసి ఉంటే చేను తడవదు. ఇదీ అలాంటిదే. మనం ఎంత గట్టిగా బిగించాలనుకున్నా అందులో కొంతే కండదాకా వస్తుంది. కండను కరెంటుతో బిగించే ఈఎంఎస్ మెషీన్ ఆ తూముతో పని లేకుండా, తొడ చర్మం కింద ఉన్న నరాన్ని నేరుగా తట్టి కండను బిగిస్తుంది.

మా కోనసీమలో నొప్పికి పెట్టే టెన్స్‌నీ, కండను బిగించే ఈఎంఎస్‌నీ, లోపల వేడి పుట్టించే డయాథెర్మీనీ అన్నిటినీ కలిపి "కరెంటు పెట్టించుకోవడం" అనేస్తారు. తేడా తెలియక నష్టపోతున్నారు. టెన్స్ చిమచిమలాడించి నొప్పిని మరిపిస్తుంది, బలం ఇవ్వదు. షార్ట్‌వేవ్ డయాథెర్మీ లోపలి లోహాన్ని వేడెక్కిస్తుంది కాబట్టి లోహపు కీలు ఉన్న మోకాలికి అది పెట్టకూడదు. "కాల్లో ఇనుము ఉంది, కరెంటు వద్దు" అన్న భయం అక్కడిది. కరెంటు రెండు దిశల్లోనూ సమానంగా, చిన్న చిన్న తట్లుగా (పల్సులుగా) నడిచే ఈఎంఎస్‌కి ఆ చిక్కు లేదు. మోకీలు మార్చిన వాళ్ల మీదే దీన్ని పరీక్షించారు. 2012లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో ఆపరేషన్ అయిన 48 గంటలకే మొదలుపెట్టి, రోజుకు రెండు పూటలు, పూటకు 15 బిగింపుల చొప్పున 6 వారాలు చేయించారు. మామూలు వ్యాయామం మాత్రమే చేసినవాళ్ల కన్నా వీళ్ల తొడ బలం, నడక, మెట్లెక్కడం మెరుగయ్యాయి. ఏడాది తర్వాత కూడా ఆ తేడా కొంత నిలిచింది. సర్జన్ ఒప్పుకున్నాక నేను పట్టుకున్నది ఈ లెక్కనే.

నా మెషీన్‌లో పెట్టుకున్న అంకెలు: సెకనుకు 50 పల్సులు, పల్సు వెడల్పు 250 మైక్రోసెకండ్లు, 15 సెకన్లు బిగింపు, 45 సెకన్లు విశ్రాంతి. బిగింపులో మొదటి 3 సెకన్లు కరెంటు మెల్లగా ఎక్కుతుంది. ఒక బిగింపుకు నిమిషం, కాబట్టి పూటకు పావుగంట. తొందరపడి విశ్రాంతిని 10 సెకన్లకు తగ్గిస్తే అయిదారు బిగింపులకే కండ చల్లబడిపోతుంది. మనంతట మనం బిగించినప్పుడు కండలోని పోగులు వంతులు మార్చుకుంటాయి. కరెంటు మాత్రం ప్రతిసారీ అవే పోగులను ఒక్కసారిగా లాగుతుంది. అందుకే అవి తొందరగా అలిసిపోతాయి.

తొడకు అతికించే ప్యాడ్లు పెద్దవే కావాలి. అరచేతిలో సగం ఉండే చిన్నవి ఈ పనికి రావు. కరెంటంతా ఆ కాస్త చోటే దూరి, కండ బిగియకముందే చర్మం చురుక్కుమంటుంది. నేను వాడినవి సుమారు 7.5 సెంటీమీటర్ల వెడల్పు, 13 సెంటీమీటర్ల పొడవు. ఒకటి మోకాలి చిప్పకు నాలుగు వేళ్ల పైన, తొడ లోపలి వైపు ఉబ్బుగా ఉండే కండ మీద. రెండోది తొడ పైభాగంలో, గజ్జకు జానెడు కింద, కాస్త బయటి వైపు. కింది ప్యాడ్ అంచు కుట్లకీ, డ్రెస్సింగ్‌కీ తగలకూడదు. మరీ లోపలికి జరిగితే రెండు తొడలనూ దగ్గరకు లాగే కండ బిగుస్తుంది, మోకాలు చాపుకోదు. బిగింపులో చిప్ప నేరుగా పైకి లాగినట్టు కదిలితే చోటు సరిపోయినట్టు.

మన గాలిలో తడికి ప్యాడ్లు పట్టు నిలవవు. తొడను సబ్బుతో కడిగి, పొడి తువ్వాలుతో ఒత్తి, ఫ్యాను కింద అయిదు నిమిషాలు ఆరనివ్వాలి. ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమకొద్దీ రాసే కొబ్బరినూనె దీనికి పెద్ద శత్రువు. నూనె పట్టిన ప్యాడ్ మళ్లీ అతకదు. తొడ మీద వెంట్రుకలు ఎక్కువుంటే కత్తెరతో కత్తిరించాలి, బ్లేడుతో గీయకూడదు. గీసిన చోట మంట పుడుతుంది. జెల్ ఎండితే వేలితో ఒక నీటి చుక్క రాసి, పని అయ్యాక దాని ప్లాస్టిక్ కాగితానికే అతికించి, కవరులో పెట్టాలి. అంచు లేచిన ప్యాడ్‌ని ప్లాస్టర్‌తో అదిమి వాడొద్దు. అతికిన కొంచెం చోటు మీదే కరెంటంతా పడి చర్మం కాలుతుంది. ప్యాడ్ జరపాలంటే ముందు మెషీన్ ఆపాలి.

కూర్చునే పద్ధతిలో చాలామంది పొరపాటు పడతారు. కాలు గాలిలో వదిలేసి పెడితే బిగింపు బలమంతా కాలు ఊపడంలోనే పోతుంది. పాదం కదలకుండా ఉంటేనే కండకు పని పడుతుంది. బరువైన చెక్క కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుని, మోకాలు సుమారు 60 డిగ్రీలు వంచి, చీలమండ పైన మడిచిన తువ్వాలు చుట్టి, వెడల్పు పట్టీతో కుర్చీ ముందు కాలికి కట్టేవాణ్ని. ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది, వద్దు. అంత వంగని మొదటి నాలుగు రోజులూ పడుకుని, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టుకుని చేశాను.

ఇక కరెంటు ఎంత? అన్నిటికన్నా ముఖ్యం ఇదే. చిమచిమలాడే దగ్గర ఆపేసి, నెలరోజులు పెట్టించుకుని, "దీంతో ఏమీ లేదండీ" అన్నవాళ్లను నలుగురిని చూశాను. కండ రాయిలా బిగిసి, చిప్ప కదిలి, ఇంకొంచెం పెంచితే ఓర్చుకోలేను అన్న చోటే వైద్యం జరుగుతుంది. నాకు మొదటి రోజు 24 మిల్లీయాంపియర్లకే పళ్లు బిగపట్టాల్సి వచ్చింది. మూడో వారానికి 50 దాటింది. ఈ అంకె ఒక్కొక్కరికీ మారుతుంది, పక్కవాళ్లతో పోల్చుకోకూడదు. ప్రతి మూడు నాలుగు బిగింపులకూ ఒక గీత పెంచాలి, ఎందుకంటే చర్మం అలవాటు పడిపోతుంది. "మెషీన్‌కి వదిలేయకండి మాస్టారూ, అది లాగినప్పుడు మీరూ బిగించండి" అని ఫిజియో అమ్మాయి ప్రతి పూటా గుర్తుచేసేది. మన ప్రయత్నం కలవకపోతే ఆజ్ఞ దారి తెరుచుకోదు.

నిన్న బాగా బిగిసింది, ఇవాళ అదే అంకెకు బిగియడం లేదంటే కండను అనుమానించకముందు బ్యాటరీ చూడండి. తర్వాత మెషీన్ నుంచి ప్యాడ్‌కు వెళ్లే లీడ్ వైరు పిన్ను, ఆ తర్వాత ప్యాడ్ జెల్. నాకు రెండో వారంలో మూడు రోజులు పోయింది వైరు లోపల తెగడం వల్లే.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు దీని జోలికి వెళ్లకూడదు. పిక్కలో కొత్తగా నొప్పి, వాపు, వేడి కనిపిస్తే రక్తం గడ్డ కట్టిందేమో చూపించుకునేదాకా మెషీన్ ముట్టుకోవద్దు. ఆయాసం కూడా వస్తే పొద్దున్నదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. సుగర్ వల్ల తిమ్మిరి ఉన్నవాళ్లు ముందు తొడ మీద దూదితో తాకి స్పర్శ తెలుస్తోందో లేదో చూసుకోవాలి. స్పర్శ లేనిచోట కాలినా తెలియదు. ప్యాడ్ తీశాక ఎరుపు గంటలో పోవాలి. పొక్కు వస్తే ఆ పూటతో ఆపాలి.

పదో రోజుకు మడమ లేచింది, కానీ మోకాలు కొంచెం వంగే ఉంది. వంపు లేకుండా నిటారుగా లేచింది మూడో వారం చివర్లో. వాకర్ వదిలి చేతికర్రకు మారింది ఆ తర్వాతే. రావులపాలెం మీదుగా రాజమండ్రి చెకప్‌కు వెళ్లిన రోజు కారులో అంతసేపు కాలు ముడుచుకుని కూర్చున్నందుకు సాయంత్రానికి మోకాలు ఉబ్బింది. ఆ పూట బిగింపు కూడా సగమే వచ్చింది. వాపు పెరిగితే అణచివేత పెరుగుతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఐసు పెట్టి, కాలు ఎత్తులో ఉంచితే మర్నాటికి సర్దుకుంది. దూర ప్రయాణమైతే అరగంటకోసారి దిగి నాలుగడుగులు వేయండి.

ఆరు వారాలయ్యాక మెషీన్ పక్కన పెట్టాను. అప్పటినుంచి కుర్చీలోంచి చేతులు ఊనకుండా లేవడం, అరుగు మెట్లు ఎక్కడం దిగడం. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు.

ఆ మెషీన్ ఇప్పుడు మా వీధిలో ఇంకొకావిడ దగ్గరుంది. ఇచ్చేముందు వాళ్లబ్బాయిని రెండే అడిగాను: గుండెలో పేస్‌మేకర్ ఉందా, సర్జన్ సరేనన్నారా అని. ప్యాడ్లు మాత్రం ఇవ్వలేదు. అవి ఒక మనిషివి ఇంకొకరికి వాడకూడదు, కొత్త జత కొనుక్కోమన్నాను.