పుట్టిన చోటు అనే గడి

పోయిన నెల సెన్సస్ బ్యూరో నుంచి కవరు వచ్చింది. అమెరికన్ కమ్యూనిటీ సర్వే. పదేళ్లకోసారి జరిగే జనాభా లెక్కలు కావివి, ఏటా సుమారు 35 లక్షల చిరునామాలకు పంపుతారు. ఇంట్లో నలుగురికీ విడివిడిగా నింపాలి: పుట్టిన చోటు, పౌరసత్వం, ఈ దేశానికి వచ్చిన ఏడు, ఇంట్లో మాట్లాడే భాష.

పదహారేళ్ల అబ్బాయికి ఇండియా అని రాశాను, మూడో ఏట వచ్చాడు. పదమూడేళ్ల అమ్మాయికి టెక్సస్. తెలుగులో తిడితే ఇంగ్లీషులో జవాబు చెప్పడంలో ఇద్దరూ ఒకటే.

వలస కుటుంబం అనగానే మావాళ్లకి మేమే గుర్తొస్తాం. కానీ పెద్ద చదువులు చదివినవాళ్లూ, హైస్కూలు కూడా దాటనివాళ్లూ, ఇద్దరూ వలస వచ్చినవాళ్లలో ఎక్కువే. మా ఆఫీసు శుభ్రం చేసే ఆవిడ ఇంటికొచ్చే ప్రతి ఉత్తరాన్నీ పద్నాలుగేళ్ల కూతురే చదివి చెబుతుంది. పద్నాలుగు నిండిన ఒక్కరికి ఇంగ్లీషు చాలా బాగా వచ్చినా చాలు, సెన్సస్ ఆ ఇంటిని ఇంగ్లీషు రాని ఇళ్ల లెక్కలో వేయదు. ఆ పిల్ల భుజం మీద ఎంత బరువుందో!

మా టీమ్‌లో ఇక్కడే పుట్టి పెరిగినాయన పిల్లలు ఒక వారం ఆయన దగ్గర, ఒక వారం వాళ్లమ్మ దగ్గర ఉంటారు. వలస కుటుంబాల్లో అమ్మానాన్నలిద్దరూ కలిసున్న ఇంట్లో పెరిగే పిల్లలు ఎక్కువ. మనవాళ్లు దీన్ని సంస్కారం ఖాతాలో వేసేస్తారు. నాకు మాత్రం అనుమానమే. డిపెండెంట్ వీసా మీదున్న భార్య విడాకులు తీసుకుంటే ఆ వీసా కూడా పోతుంది మరి.

ఫారం వీసా సంగతి అడగదు. మా పిల్లలిద్దరికీ అసలు తేడా అక్కడే. అమ్మాయి ఇక్కడే పుట్టింది కాబట్టి పౌరురాలు. అబ్బాయిది హెచ్-4, అంటే అమ్మానాన్నల ఉద్యోగ వీసాని బట్టి వచ్చే డిపెండెంట్ వీసా. వేసవిలో పక్కింటి కుర్రాడు స్విమ్మింగ్ పూల్ దగ్గర లైఫ్‌గార్డుగా చేరితే, "నేనూ చేరతా నాన్నా" అన్నాడు. హెచ్-4 పిల్లలు పని చేయకూడదని చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. 21 నిండేలోగా గ్రీన్‌కార్డు రాకపోతే ఆ హోదా కూడా ఉండదు. ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్న నిబంధనతో ఇండియా క్యూ కదలదు. 2002 నాటి చట్టం వయసు లెక్కలో కాస్త వెసులుబాటు ఇచ్చింది గానీ, ఈ క్యూకి అది ఏ మూలకి!

ఇప్పుడు వాడు లైబ్రరీలో చిన్నపిల్లలకి ఊరికే లెక్కలు చెబుతున్నాడు. "పోయిన వారం జీతానికి పని చేశారా" అన్న ప్రశ్న పదిహేను నిండినవాళ్లకే. అమ్మాయికి రాలేదు. వాడికి వచ్చింది. 'లేదు' దగ్గర టిక్కు పెట్టాను.